గండికోట లోయలో మంచును ఫొటో తీయడం

కడప జిల్లాలో హిమపాతం ఉండదు. అయితే తెలుగులో కశ్మీరులో కురిసేదీ మంచే, మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున పెన్నా లోయను కమ్మేదీ మంచే. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరుకు కూడా ఈ రెండింటికీ తేడా తెలియదు. ఎదుట ఉన్న దృశ్యం సగటున బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో అది పనిచేస్తుంది కాబట్టి, తెల్లని మంచును చూసి వెలుతురు ఎక్కువైందనుకొని ఫొటోను మసకబారుస్తుంది. నేను మొదటిసారి తీసిన ఫొటోలలో దూదిలా ఉండవలసిన మంచు సిమెంటు ధూళిలా కనిపించింది. దీనికి విరుగుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే మీటరు లెక్కకన్నా ఫొటోలో వెలుతురును పెంచే లేదా తగ్గించే అమరికను, ప్లస్ ఒకటి వరకు పెంచడం. ఫోనుతో తీసేవారు తెరపై మంచు ఉన్న చోట తాకి, అక్కడ వచ్చే సూర్యుని గుర్తును కొద్దిగా పైకి జరిపితే సరిపోతుంది.

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రాత్రి గడిచిన మరునాడు మంచు పట్టే అవకాశం ఎక్కువ. జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్లు; ఆరు గంటలకల్లా లోయ అంచుకు చేరుకోవాలి. అంచున రక్షణ గోడ లేని చోట్ల రాళ్లు మంచుకు తడిసి జారుతాయి కాబట్టి టార్చిలైటు తప్పనిసరి, ట్రైపాడ్‌ను అంచుకు రెండడుగులు వెనుకగా నిలపడం మేలు.

మంచు ఒక్కటే ఫ్రేములో ఉంటే అది తెల్ల కాగితమే. ముందువైపు ఒక ఎర్రరాతి బండను గాని, బండ సందులో మొలిచి చుక్కలతో బరువెక్కిన గడ్డిపోచను గాని పెట్టుకుంటే, దాని వెనుక కొండ చరియలు ఒకదాని తర్వాత ఒకటి పలచబడుతూ పోవడం తెలుస్తుంది. మంచులో ఆటోఫోకస్ పట్టు దొరకక తడబడుతుంది కనుక ఆ బండ అంచుపైనే ఫోకస్ చేసి, లెన్స్ రంధ్రం (అపెర్చర్) కొలతను f/11 దగ్గర ఉంచాలి. చరియల వరుసలు దగ్గరగా పేర్చినట్లు రావాలంటే 100 మిల్లీమీటర్లకు పైబడిన ఫోకల్ లెంగ్త్ ఉన్న, దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్ మంచిది. నా మటుకు నాకు లోయ మొత్తం పట్టే వైడ్ ఫొటోకన్నా ఇదే ఇష్టం. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే తొలి వెలుగులోని నీలి ఛాయను అది తుడిచివేస్తుంది; డేలైట్‌లో ఉంచాలి.

ఎదురుచూస్తున్నంత సేపూ లెన్స్ ముందు అద్దంపై చెమ్మ చేరుతుంది. ఒకసారి నేను గమనించక ఇరవై ఫొటోలు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి పాత నూలు పంచె ముక్కను జేబులో ఉంచుకుని, ప్రతి ఐదు నిమిషాలకు తుడుస్తున్నాను. నోటితో ఊదకూడదు, ఊపిరి తేమ మరింత పట్టుకుంటుంది.

ఎండ ఎక్కి మంచు విడిపోగానే ఎర్రని చరియలు బయటపడతాయి. ఆ క్షణాన కాంపెన్సేషన్‌ను తిరిగి సున్నాకు తేవాలి, లేకపోతే ఆ ఎరుపు వెలిసిపోయినట్లు వస్తుంది.