బెల్టు ఇబ్బంది పెడుతోందా? ఎక్కడ, ఎందుకు, ఏం చేయాలి

బెంగళూరులో వైట్‌ఫీల్డు, సర్జాపూర్ రోడ్డు వైపు సైట్లలో సెంట్రింగు దగ్గర నిలబడితే తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, మదనపల్లె, కడప, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. ఎత్తులో పనిచేసేటప్పుడు ఒంటికి కట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్‌ను వాళ్లు ‘బెల్టు’ అంటారు. పొద్దున మీటింగులో అందరూ బిగించుకునే నిలబడతారు. పది గంటలకు పైకెక్కి చూస్తే చాలామందికి తొడ పట్టీలు వేలాడుతుంటాయి. ఈ సైట్లలో సేఫ్టీ చూసుకునే పని నాది. బద్ధకంతో వదులు చేసుకునేవాళ్లను నేను తక్కువే చూశాను. ఎక్కడో కోస్తుంది, ఎక్కడో లాగుతుంది, అందుకే వదులు చేస్తారు. ఆ బాధకు కారణం పట్టుకుంటే వాళ్లే బిగించుకుంటారు. అందుకే వాళ్లు నాతో అనే మాటలతోనే మొదలుపెడుతున్నాను.

“అన్నా, తొడల దగ్గర కోస్తోంది, వంగలేకపోతున్నా”

చాలాసార్లు తప్పు తొడ పట్టీలది కాదు, భుజం పట్టీలది. అవి పొట్టిగా ఉంటే వంగిన ప్రతిసారీ కింది పట్టీలను పైకి గుంజుతాయి. మదనపల్లె కుర్రాడొకడు, ఆరడుగుల మనిషి, వారం రోజులుగా ఇదే గొడవ. దగ్గరికెళ్లి చూస్తే భుజం పట్టీలు చివరిదాకా వదిలేసి ఉన్నాయి, అయినా చాలడం లేదు. సైజు చిన్నది. స్టోరు నుంచి పెద్ద సైజు తెచ్చి ఇచ్చాం. ఆ తర్వాత వాడు తొడ పట్టీల మీద చెయ్యి వేయడం నేను చూడలేదు.

సరిచేసే వరుస ఇది: నిటారుగా నిలబడి ముందు భుజం పట్టీలు సరిచూసుకోవాలి, తర్వాత తొడలవి, చివర ఛాతీది. తొడకూ పట్టీకీ మధ్య చాచిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. తర్వాత రెండుసార్లు గొంతుక్కూర్చుని లేవండి. అప్పుడూ కోస్తే సైజు మార్చాల్సిందే.

వదులుగా ఉంటే ఏమవుతుంది? రెండు మీటర్లు పడటానికి సెకనులో మూడింట రెండు వంతుల టైము కూడా పట్టదు. అప్పటికే వేగం గంటకు 22 కిలోమీటర్లు. ఆ దెబ్బలో ఎక్కువ భాగం తొడ పట్టీల మీదే పడుతుంది. వదులు పట్టీ ముందు గజ్జల్లోకి ఎగదన్ని, ఆ తర్వాతే పట్టుకుంటుంది.

“వెనక రింగు నడుము దగ్గరికి జారిపోతోంది”

తాడు తగిలించే ఈ రింగు రెండు భుజం ఎముకల మధ్య ఉండాలి. కిందికి జారితే, పడినప్పుడు మనిషి ముందుకు వేలాడతాడు, తల కిందికి పోతుంది. భుజం పట్టీలు పొడవైనా, రింగు దగ్గరి ప్లాస్టిక్ పలక వదులైనా ఇలా జరుగుతుంది. వెనక ఉన్నది మనకు కనపడదు కాబట్టి పక్కవాడితో చూపించుకోవాలి. ఛాతీ పట్టీ ఛాతీ మధ్యలోనే ఉండాలి. గొంతు దాకా ఎక్కితే ప్రమాదం.

“పట్టీలన్నీ చిక్కుపడ్డాయి”

వెనక రింగు పట్టుకుని పైకెత్తి దులపండి. పట్టీలు వాటంతటవే కిందికి సర్దుకుంటాయి.

“హుక్కు పెట్టాను కదన్నా, ఇంకేం?”

నాకు అన్నిటికంటే భయం ఈ మాటంటేనే. దేనికి పెట్టాడో చూస్తే ఏసీ స్టాండుకో, పీవీసీ పైపుకో, పైకి లేచిన సన్నటి కమ్మీకో ఉంటుంది. హుక్కు పెట్టే చోటు కనీసం 12 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 1,200 కిలోల లాగుడు తట్టుకోవాలి. అలాంటి చోటు లేకపోతే కాలమ్‌కు స్లింగు (బలమైన పట్టీ) చుట్టాలి, లేదా హుక్కు తగిలించడానికి ఇంజనీరు లెక్క చూసిన లైఫ్‌లైను కట్టించాలి. ఆ రెంటిలో ఒకటి అయ్యేదాకా పని ఆగాలి.

రెండో సంగతి కింద ఎంత ఖాళీ ఉందన్నది. దీన్ని లెక్కేసేవాళ్లు నాకు అరుదుగా కనపడ్డారు. లాన్యార్డు (వెనక రింగు నుంచి హుక్కు దాకా ఉండే తాడు) 2 మీటర్లు. దెబ్బను మింగే కుట్టుపొట్లం (షాక్ అబ్జార్బర్) విచ్చుకుంటే ఇంకో 1.75 మీటర్లు. రింగు నుంచి కాళ్ల దాకా 1.5. జాగ్రత్తకు 1. మొత్తం 6.25 మీటర్లు, హుక్కు పెట్టిన చోటు నుంచి కిందికి. మూడు మీటర్ల అంతస్తు అనుకుంటే రెండంతస్తుల కన్నా ఎక్కువ. కాళ్ల దగ్గర హుక్కు పెట్టుకుని మొదటి స్లాబు అంచున నిలబడినవాడు బెల్టు ఉండీ నేలకు కొట్టుకుంటాడు. అలాంటి చోట తలకు పైన హుక్కు పెట్టి, తాడును తనలోకి చుట్టుకునే బ్లాకు వాడాలి. ఇంకా మంచిది, అంచు దాకా చేరనివ్వని పొట్టి తాడు. పడటమే ఉండదు.

హుక్కు నెత్తిమీద కాక బాగా పక్కకు ఉన్నా తంటాయే. పడ్డవాడు లోలకంలా ఊగి కాలమ్‌కో గోడకో కొట్టుకుంటాడు.

రెండు హుక్కుల లాన్యార్డులో ఖాళీగా ఉన్న హుక్కును చాలామంది నడుము దగ్గరి ఇనుప రింగుకు తగిలిస్తారు. పడినప్పుడు లాన్యార్డులోని ఆ పాయ బిగుసుకుపోయి పొట్లం పూర్తిగా విచ్చుకోదు. దెబ్బంతా ఒంటికే తగులుతుంది. ఖాళీ హుక్కు కోసం ఛాతీ దగ్గర చిన్న ఆసరా ఉంటుంది, లాగితే ఊడొచ్చేలా చేసి ఉంటుంది. దానికే తగిలించాలి. లాన్యార్డు పొడవైందని ముడి వేయడమూ వద్దు, ముడి పడ్డచోట బలం తగ్గిపోతుంది.

“హుక్కు మూసుకోవడం లేదు”

నోట్లో సిమెంటు పాలు గట్టిపడి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో తోమండి. వదిలితే దానంతటది టక్కుమని మూసుకుని లాక్ పడాలి. వేలితో నెట్టాల్సి వస్తే ఆ హుక్కు పక్కన పెట్టేయాలి.

“పడ్డాడు, బెల్టు పట్టుకుంది, వేలాడుతున్నాడు”

ఇక్కడ నిమిషాలే లెక్క. కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పవచ్చు. ఫైర్ ఇంజను వచ్చేదాకా చూద్దాం అనడానికి లేదు. ఎవరు ఎక్కాలి, ఏ నిచ్చెన, ఏ లిఫ్టు అన్నది పని మొదలుకాకముందే తేల్చుకుని ఉండాలి. స్పృహలో ఉంటే కాళ్లు ఆడించమనండి. పాదం పెట్టి నిలబడే పట్టీ బెల్టుకు ఉంటే అందులో నిలబడమనండి. దించాక పడుకోబెట్టి ఊపిరి చూడండి, 108కి ఫోన్ చేయండి. బాగున్నానని వాడన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

“పాతదే కానీ బాగానే ఉంది”

పట్టీని వేళ్ల మధ్య మడిచి చూడండి. నూగులా పోగులు లేచినా, ఎండకు రంగు వెలిసి గట్టిపడినా, వెల్డింగు రవ్వల చిల్లులున్నా, పెయింటు, ఆసిడ్ మరకలున్నా, కుట్టు దారం తెగినా దాని పని అయిపోయినట్టే. లేబుల్ చెరిగిపోయి, ఐఎస్ 3521 (బెల్టులకు భారత ప్రమాణం) గుర్తు, తయారీ తేదీ చదవలేకపోయినా అంతే. మురికైతే మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఒకసారి మనిషి పడితే మాత్రం, చూడటానికి కొత్తగా ఉన్నా, బెల్టూ లాన్యార్డూ రెండూ తీసేయాలి.

తీసేసినవాటిని స్టోరులో మూలన పడేయకండి. మర్నాడు కొత్తగా వచ్చిన హెల్పరు అదే తగిలించుకుని పైకెక్కుతాడు, నేను చూశాను. కత్తెర తెచ్చి భుజం పట్టీలు, తొడ పట్టీలు నాలుగూ కత్తిరించి, రిజిస్టరులో ఆ నంబరు కొట్టేయండి.