కేదార్‌కంఠ ఎక్కే రోజు ఖాళీ కడుపుతో బయలుదేరకండి: ఏం తినాలి, ఎప్పుడు తినాలి

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకి ట్రెక్కింగ్ కోసం బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వెళ్తుంటారు. శిఖరం దాదాపు 12,500 అడుగులు. శిఖరం ఎక్కే రోజు రాత్రి రెండింటికో మూడింటికో లేపుతారు, ఆ చలిలో ఎవరికీ తినబుద్ధి కాదు, ఒక టీ తాగేసి నడక మొదలెడతారు. కొందరైతే ఖాళీ కడుపుతో నడిస్తే కొవ్వు బాగా కరుగుతుందని కావాలనే మానేస్తారు. ఇక్కడ పార్కులో నడిచేటప్పుడు ఆ లెక్క ఎలా ఉన్నా, అంత ఎత్తులో మాత్రం వద్దు.

కారణం సింపుల్. ఒక లీటరు ఆక్సిజన్‌తో ఒంట్లో కార్బ్స్ (అన్నం, చక్కెర లాంటివాటిలో ఉండే పిండిపదార్థాలు) మండితే సుమారు 5 కిలోకేలరీలు వస్తాయి, అదే ఆక్సిజన్‌తో కొవ్వు మండితే 4.7. తేడా ఆరేడు శాతమే, కానీ శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు కాబట్టి ఆ కాస్త కూడా విలువైనదే. అక్కడ మనకి కరువు ఆక్సిజన్‌కి, పొట్ట చుట్టూ ఉన్న కొవ్వుకి కాదు. పైగా కింద హాయిగా నడిచే స్పీడే పైన ఆయాసం తెప్పిస్తుంది, ఆయాసపడేంత కష్టం చేస్తున్నప్పుడు ఒళ్లు కార్బ్స్‌నే ఎక్కువ అడుగుతుంది. కార్బ్స్ నిల్వేమో కండరాల్లో, లివర్‌లో కలిపి కొన్ని వందల గ్రాములే, అందులో లివర్ వాటా రాత్రి నిద్రలోనే చాలావరకు ఖర్చయిపోతుంది.

అయితే దారిలో గ్లూకోజ్ నీళ్లు తాగేస్తే సరిపోతుందనుకోకండి. ఎత్తుకి కొత్తగా వెళ్లినవాళ్ల ఒళ్లు అప్పటికప్పుడు తాగిన గ్లూకోజ్‌ని కింద వాడుకున్నంత బాగా వాడుకోలేదని పరిశోధనల్లో కనిపించింది. అందుకే అసలు పని ముందు రోజు రాత్రే చేయాలి. అన్నం, పప్పు, ఆలూ కూర ఏది పెడితే అది, మామూలుగా తినేదానికంటే ఇంకో గరిటె ఎక్కువ వేసుకోండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, ఆకలేసినప్పుడు తిందాంలే అంటే ఆ ఆకలి రాదు. టైం చూసుకుని తినాల్సిందే. చిన్న డబ్బాలో ఆవకాయో కరివేపాకు పొడో తీసుకెళ్తే ఆ చప్పటి అన్నం గొంతు దిగుతుంది, ఇది నిజంగా పనిచేసే చిట్కా.

రాత్రి లేచాక ఫుల్ మీల్స్ అక్కర్లేదు. చక్కెర బాగా వేసిన టీ, నాలుగైదు గ్లూకోజ్ బిస్కెట్లు, వీలైతే ఒక చిన్న గిన్నెడు జావ లేదా మ్యాగీ. వంటాయన్ని ముందు రోజే అడిగి పెట్టుకోండి.

నడక మొదలయ్యాక గంటకి 30 నుంచి 40 గ్రాముల కార్బ్స్ లోపలికి వెళ్తే చాలు, అదీ అరగంటకోసారి కొంచెం కొంచెంగా. చిన్న ఖర్జూరాలు నాలుగు తింటే ఇంచుమించు 20 గ్రాములు వచ్చినట్టే. గింజలు ఇంట్లోనే తీసేయండి, గ్లవ్స్ వేసుకుని ఆ పని కుదరదు. పల్లీ చిక్కీ అందరూ తెస్తారు కానీ చలికి రాయైపోతుంది, పల్లీల్లో కొవ్వు కూడా ఎక్కువే; దానికంటే బెల్లం పాకంతో చేసిన మరమరాల ఉండలు నయం. ఏదైనా ముక్కలు చేసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, బ్యాగులో పెడితే తీసే ఓపిక ఉండదు. సున్నుండలు మంచివే, కాకపోతే నెయ్యి కదా, అరగడానికి టైం పడుతుంది, దిగొచ్చాక తినండి. ఓఆర్‌ఎస్ గురించి ఒక మాట: లీటరు నీళ్లలో కలిపే ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది నీటికి, ఉప్పుకి పనికొస్తుంది కానీ తిండి కిందకి రాదు.

కీటో డైట్‌లో (కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) ఉన్నవాళ్లు ట్రెక్ రోజుల్లో దాన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పైన చెప్పినదేదీ నేరుగా పాటించకండి, ఇన్సులిన్, మాత్రల డోసు సంగతి బయలుదేరకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, చలికీ ఎత్తుకీ గ్లూకోమీటర్ కూడా తప్పు రీడింగ్ చూపించొచ్చు.

ఇంకోటి, తలనొప్పితో పాటు వాంతులు అవుతున్నా, అడుగులు తడబడుతున్నా అది నీరసమేలే అని ఖర్జూరం తిని ముందుకెళ్లకండి. అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు. గైడ్‌కి చెప్పి వెంటనే కిందికి దిగండి.