పెరటి కోళ్లకు మేత వెతుక్కోవడం అలవాటు చేయడం ఎలా?

కోడి అంటే గింజలు తినే పక్షి అనుకుని చాలామంది పొద్దున్నే నాలుగు గుప్పిళ్ల నూకలు చల్లి ఊరుకుంటారు. కోడి అన్నీ తింటుంది. గింజ, లేత గడ్డి, మిడత, వానపాము, పేడపురుగు, దొరికితే బల్లిపిల్లను కూడా వదలదు. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం దాకానే ఉంటాయి. ఒక్కో గుడ్డులోకే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు పోతాయి. పొద్దున్నే నూకలతో కడుపు నిండిన కోడి పురుగుల కోసం తిరగదు, గుడ్లూ తగ్గిపోతాయి. అందుకే పగలు దాన్ని వెతుక్కోనిచ్చి, దానికి దొరకనివి సాయంత్రం మనం పెట్టాలి. గుంటూరు, విజయవాడ శివార్లలో కాస్త మట్టి పెరడున్న ఇంట్లో పది నాటుకోళ్లకు సరిపోయే పద్ధతి ఇది. కోడిపిల్లలకు మొదటి ఐదారు వారాలు చిక్ స్టార్టర్ (పిల్లల కోసం తయారుచేసి అమ్మే) మేతే పెట్టండి, అవి వెతుక్కుని బతకలేవు.

పొద్దున

తెల్లవారగానే గూడు తీసి నీళ్లు మాత్రమే పెట్టండి. కోడి కాళ్లతో నేల గీరుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, కదిలినదాన్ని చూసి పొడుస్తుంది. దానికి ప్రధానమైన ఆయుధం చూపు. గీరడానికి మెత్తటి నేల లేకపోతే ఎంత పెరడున్నా లాభం లేదు. మామిడి చెట్టు కిందో మునగ చెట్టు కిందో ఎండుటాకులు, వరిగడ్డి జానెడు మందాన పరిచి, సగం మాగిన పేడ ఒక తట్ట కలిపి, రోజూ నీళ్లు చిలకరించండి. వారంలో పురుగు చేరుతుంది. చెత్త ఊటగా ఉంటే మాత్రం బూజు పడుతుంది. పిడికిట నొక్కితే నీరు కారకూడదు.

చెదల కుండ

ఖర్చు లేకుండా మాంసకృత్తులు దొరికే దారుల్లో ఇంతకన్నా మంచిది లేదు. పాత మట్టికుండలో చిరిగిన గోనెపట్టా ముక్కలు, ఎండుగడ్డి, ఎండు పేడ కుక్కి, నీళ్లు చల్లి తడపండి. చెదలు కనిపించే చోట నేలను కొద్దిగా గీరి, సాయంత్రం పూట కుండ బోర్లించి, ఎండ తగలకుండా పైన తడి గోనె కప్పండి. ఒకటి రెండు రోజుల్లో చెదలు ఎక్కుతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే కుండ తెచ్చి కోళ్ల ముందు దులపండి, ఎండెక్కితే చెదలు మళ్లీ నేలలోకి పోతాయి. గోనె దారాలు కోళ్లు మింగకుండా వెంటనే ఏరేయండి. కుండను ఇంటి గోడకు, తలుపు చెక్కలకు దూరంగా పెట్టాలి. చెదల మందు కొట్టిన నేల మీద అసలు పెట్టకూడదు.

సాయంత్రం

ఐదు గంటల ప్రాంతంలో పది కోళ్లకు అర కిలో మేత చాలు. నూకలు గానీ పగలగొట్టిన మొక్కజొన్న గానీ 300 గ్రాములు, తవుడు 100, వేరుశనగ చెక్క 100. ఈ మిశ్రమంలో మాంసకృత్తులు 16 శాతం దాకా వస్తాయి. తవుడు ఎగరకుండా కాస్త తడిపి, అరగంటలో తినేంతే పెట్టండి. తడి మేత మిగిలితే రాత్రికి పులుస్తుంది. చెక్కను మాత్రం చూసి కొనాలి. బూజు వాసన వేస్తే, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండబెట్టినా ఉడికించినా పోదు.

పక్కనే రెండు మూకుళ్లు ఉంచండి. ఒకదానిలో 3 నుంచి 5 మిల్లీమీటర్ల గ్రానైట్ రాతి ముక్కలు. కోడికి పళ్లు లేవు, గింజను నలిపేది కందనకాయలో చేరిన ఈ రాళ్లే. రెండోదానిలో దంచిన ఆల్చిప్పలు లేదా నత్తగుల్లలు. గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూట. అందుకే గుల్ల సాయంత్రం కడుపులో ఉండాలి. ఈ రెండూ మేతలో కలపకండి, ఎంత కావాలో కోడే తీసుకుంటుంది.

మే నెల ఎండల్లో అదే మేతను రెండు భాగాలు చేసి, సగం ఉదయం ఏడు లోపు, సగం పొద్దు వాలాక పెట్టండి. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, మధ్యాహ్నం తిన్న కోడి వడదెబ్బకు త్వరగా పడిపోతుంది. నీడలో మట్టి పాత్రల్లో నీళ్లు పెట్టి, రోజుకు మూడు సార్లు మార్చండి.

పెట్టకూడనివి

మన ప్రాంతంలో సులువుగా దొరికేవే ప్రమాదం. పత్తి గింజల్లో కోడికి పడని పదార్థం ఉంది, విత్తనానికి రంగు మందు పట్టించి ఉంటే అది నేరుగా విషమే. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని కోళ్లు హాయిగా పొడుచుకుంటాయి, పక్షులకు మిరప ఘాటు తెలియదు. భయపడాల్సింది కాయ మీద మిగిలిన పురుగుమందుకు, తాలు కాయల్లోని బూజుకు. పచ్చళ్ల అడుగూ, ఉప్పు చేపల మిగుళ్లూ వేయకండి.

మేత సంచి పరీక్ష

చీకటి పడ్డాక కోడిని పట్టుకుని మెడ కింద, రొమ్ముకు కుడివైపు తడమండి. తిన్నది మొదట చేరే మేత సంచి అక్కడ నిండుగా, మెత్తగా తగలాలి. ఖాళీగా ఉంటే ఆ కోడిని మిగతావి తిననివ్వడం లేదేమో, దానికి విడిగా పెట్టి చూడండి. మళ్లీ తెల్లవారుజామున చూస్తే సంచి ఖాళీ అయి ఉండాలి. అప్పటికీ గట్టిగా ఉంటే పొడవాటి గడ్డి పరకలో, దారమో అడ్డుపడ్డట్టు. ఆ రోజు గింజ ఆపి నీళ్లు మాత్రం ఇచ్చి, సంచిని వేళ్లతో మెల్లగా మర్దన చేయండి. తలకిందులుగా పట్టి కక్కించబోతే ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి చనిపోవచ్చు. మర్నాటికీ కరగకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.