కౌన్సెలింగ్‌కు ముందు కంప్యూటర్‌కూ ఒక వెరిఫికేషన్

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా హన్మకొండ నెట్ సెంటర్లలో రద్దీ మారలేదు. అటు కౌన్సెలింగ్, ఇటు డిగ్రీ ప్రవేశాల దోస్త్. మెమోలు, కులం సర్టిఫికెట్లు స్కాన్ చేయాలి, ఫైలు సైజు తగ్గించాలి. ఆ తొందరలో కంటికి కనబడిన ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్‌ను దించుకుంటాం. దాని వెంట అడగని టూల్‌బార్, కొత్త సెర్చ్ పేజీ వచ్చి కూర్చుంటాయి. విసిగిపోయి అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం. అంతటితో పీడ వదిలినట్టేనా?

చాలాసార్లు వదలదు. అన్‌ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం కూడా సాధారణంగా ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు రాసిందే. వాళ్లు తీయమన్నదే అది తీస్తుంది. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి, తాళంచెవి నకలు మాత్రం జేబులో వేసుకుపోయినట్టు. లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందే పెట్టి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ గుట్టు 2015లో బయటపడింది. దాన్ని తీసేసినా, అది విండోస్‌లో చేర్చిన రూట్ సర్టిఫికెట్, అంటే ఏ సైటు అసలైనదో బ్రౌజర్ నమ్మడానికి ఆధారమయ్యే పత్రం, అలాగే ఉండిపోయింది. దాని రహస్య కీ దొరికినవారు నకిలీ బ్యాంకు సైటును చూపించినా బ్రౌజర్ హెచ్చరించదు.

ఖాళీ ఫోల్డరో, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టాలో) పాత ఎంట్రీయో మిగిలితే మాత్రం కంగారు పడకండి. అది చెత్త, వైరస్ కాదు. దాన్ని ఊడ్చడానికి ఇంకో ఉచిత క్లీనర్ తెచ్చుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

చూడవలసింది ఇంకా పనిచేస్తున్న వాటిని. ముందు బ్రౌజర్: మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి, నోటిఫికేషన్ అనుమతులు రద్దు చేయండి. ఇంటి కంప్యూటర్‌లో బ్రౌజర్ ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అంటుంటే అనుమానించండి. కొన్ని యాంటీవైరస్‌ల వల్లా ఆ మాట కనబడుతుంది గాని, కారణం తేలేదాకా వదలకండి. తర్వాత ప్రాక్సీ సెట్టింగు (నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా మళ్లించేది), స్టార్టప్ జాబితా (కంప్యూటర్‌తోపాటే మొదలయ్యేవి), టాస్క్ షెడ్యూలర్ (పనులను వేళకు తనంతట నడిపేది) చూడండి. తొలగించిన ప్రోగ్రాం పేరుతో అక్కడ పని మిగిలి ఉంటే అది మళ్లీ తన ముఠాను దించుకోగలదు. తెలియని పేరల్లా చెరిపేయకండి, విండోస్ సొంత పనులూ అక్కడే ఉంటాయి. చివరగా విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, దాదాపు 15 నిమిషాలు పడుతుంది. గాలివానకు కరెంటు పోయే రోజులు, కాబట్టి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి.

స్కాన్‌లో పాస్‌వర్డులు దొంగిలించే రకం బయటపడితే, దాన్ని తొలగించినా పోయిన పాస్‌వర్డులు తిరిగిరావు. శుభ్రమైన వేరే ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. ఖాతాలో డబ్బు కదిలితే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఇవన్నీ చూడనివ్వరు. అక్కడ స్కానింగ్, ప్రింట్ల వరకే చేయించుకుని, ఫీజు చెల్లింపు, వెబ్ ఆప్షన్లు సొంత పరికరంలో కానివ్వండి. తప్పనిసరై అక్కడే లాగిన్ అయితే ఓటీపీ మీరే కొట్టండి, లేచేముందు లాగౌట్ చేసి, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన మెమోను కూడా చెరిపేసి రండి.