తాబేలు తొట్టి సామాను: ఊళ్లో కొనేవి, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవి

హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా కనిపించే ఆకుపచ్చ తాబేటి పిల్ల, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్, ఆడదైతే దాదాపు అడుగు పొడవు పెరుగుతుందని, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతకగలదని అమ్మేవారు సాధారణంగా చెప్పరు. ఇంటికి తెచ్చాక దీపాలు, ఫిల్టరు, మేత కోసం వెతుకులాట మొదలవుతుంది. ఈ సామాను విషయంలో నేను పాటించే లెక్క ఒక్కటే. చేత్తో పట్టుకుని, ఆడించి చూసి మంచిచెడులు తేల్చుకోగలిగినదాన్ని ఊళ్లోనే కొంటాను. కంటికి కనబడని గుణం కోసం కొనేదాన్ని, తయారీదారు కొలతలు ప్రకటించి ఉంటేనే, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను.

అలా కంటికి కనబడనిది యూవీబీ అనే అతినీలలోహిత కిరణం. దాదాపు 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే ఈ కిరణాల వల్లనే తాబేలు చర్మంలో డి3 విటమిన్ తయారై, తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. అది కొరవడితే చిప్ప మెత్తబడి వంకరపోతుంది. అయితే అక్వేరియం దుకాణంలో "యూవీ లైటు కావాలి" అని అడిగితే చాలాసార్లు నీళ్లలోని పాచిని, సూక్ష్మజీవులను చంపే యూవీసీ దీపాన్ని చేతిలో పెడతారు. నాకు అలాగే ఒక చిన్న నీలి దీపం ఇచ్చి, "అందరూ ఇదే తీసుకెళ్తారు సార్" అన్నారు. పెట్టె తిప్పి చూస్తే వెనక 254 ఎన్ఎం అని అచ్చయి ఉంది. అది నేరుగా పడితే తాబేలుకే కాదు, మన కళ్లకూ చర్మానికీ హాని. అందుచేత ఈ ఒక్క వస్తువుకూ ఆర్కేడియా, జూ మెడ్, ఎక్సో టెర్రా వంటి సరీసృపాల దీపాల కంపెనీల పేర్లతోనే వెతకడం మేలు. "వేడి, యూవీబీ రెండూ ఇందులోనే" అని రాసి, ఎంత దూరంలో ఎంత కిరణం పడుతుందో చెప్పని చవక బల్బుల జోలికి పోకూడదు.

ఆర్డరు పెట్టే ముందు వోల్టేజీ చూడాలి. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకున్న 120 వోల్టుల బల్బు మన 230 వోల్టుల కరెంటుకు పెట్టగానే మాడిపోతుంది. పొడవాటి ట్యూబైతే దానికి సరిపడే ఫిట్టింగు కూడా కావాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోవాలి, ఎందుకంటే నాకు వచ్చిన మొదటి ట్యూబు ఒక కొన పగిలి ఉంది, మార్పించుకోవడానికి ఆ వీడియోనే పనికొచ్చింది. వెలిగించిన తేదీని ట్యూబు మీదే మార్కరుతో రాసి పెట్టుకుంటే మంచిది. వెలుతురు అలాగే ఉన్నా లోపలి యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి, తయారీదారు చెప్పిన ప్రకారం ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. దీపానికీ తాబేలుకూ మధ్య గాజు మూత ఉంటే ఆ కిరణం దాదాపుగా లోపలికి రాదు.

వేడి దీపానికి మాత్రం ఆన్‌లైన్ అక్కర్లేదు. కోఠి దగ్గరి ట్రూప్ బజార్ వంటి ఎలక్ట్రికల్ బజారులో మామూలు రిఫ్లెక్టర్ బల్బు, పింగాణీ హోల్డరు దొరికితే చాలు. ఎల్‌ఈడీ ఇస్తే వద్దనాలి, దాని నుంచి తాబేలుకు కావలసిన వేడి రాదు. మన ఇళ్లలోని పిన్ను హోల్డర్లకు మర బల్బులు పట్టవు కనుక, హోల్డరు కొనేటప్పుడే బల్బు వెంట తీసుకెళ్లడం మంచిది. తాబేలు ఎండ కాగే చోట 32 డిగ్రీల ప్రాంతంలో వేడి ఉండేలా, థర్మామీటరు పెట్టి, దీపం ఎత్తు సర్దుకోవాలి.

ఎండ కాగడానికి ఆన్‌లైన్‌లో అమ్మే ప్లాస్టిక్ తిన్నెలు పెరిగిన తాబేలు బరువుకు మునిగిపోతాయి. వాటికి బదులు రాళ్ల డిపోలో తాండూరు బండ ముక్కలు అడిగి, అంచులు అరగదీసి పేర్చుకోవచ్చు. అవి కదలకూడదు, బండ జారి కింద ఇరుక్కున్న తాబేలు ఊపిరి అందక చనిపోతుంది.

ఫిల్టరును కూడా దుకాణంలోనే, నీళ్లలో ఆడించి చూపించమని అడిగి కొనాలి. మోటారు చెడితే విడిభాగం ఇచ్చేది ఆ దుకాణమే. కాల్షియం కోసం పక్షుల దాణా అమ్మేచోట దొరికే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క చాలు, వెనక ఉన్న గట్టి పెచ్చు తీసి నీళ్లలో వేయాలి. మేత విషయానికొస్తే, పాలిథిన్ సంచుల్లో తూచి ఇచ్చే విడి గుళికలకు తేదీ ఉండదు. సీలు వేసిన చిన్న ప్యాకెట్‌ను, గడువు చూసి, ఎక్కడ దొరికితే అక్కడ కొనవచ్చు. ఎండురొయ్యల డబ్బా రోజువారీ భోజనం కాదు.

ప్రాణిని మాత్రం ఆన్‌లైన్‌లో కొనకూడదు. నక్షత్ర తాబేలు వంటి మన దేశపు తాబేళ్లను ఎవరైనా ఎక్కడ అమ్మజూపినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

చివరగా వరుస క్రమం. పార్సిల్ రావడానికి వారం పట్టవచ్చు, పగిలి వస్తే మరో వారం. కాబట్టి యూవీబీ దీపం ఇంటికి చేరి, తొట్టిపైన బిగించి, ఒక రోజంతా వెలిగించి చూశాకే తాబేలు కోసం బయలుదేరాలి.