రూపక కథను చదవడం, రాయడం – మూడో పాఠం: పాల బకెట్ల దగ్గర ఆగండి

ఏ జంతువు ఎవరికి ప్రతీకో పోల్చుకోవడం గత పాఠంలో చూశాం. అధికారం నాయకుణ్ని చెడగొట్టే క్రమాన్ని కథలోంచి పట్టుకోవడం ఈసారి నేర్చుకుందాం. జార్జ్ ఆర్వెల్ 1945లో వెలువరించిన ‘యానిమల్ ఫామ్’ నవలనే కొనసాగిద్దాం.

నల్లగొండ ప్రాంతంలో దొర గడి గురించి, వెట్టి గురించి, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య బలైన తీరు గురించి విననివారు అరుదు కాబట్టి, యజమాని జోన్స్‌ను పశువులు తరిమికొట్టిన ఘట్టాన్ని ఇక్కడ విడమరచి చెప్పనక్కరలేదు. కష్టమంతా ఆ తర్వాతి భాగంతోనే.

తిరుగుబాటు మరునాడు ఆవుల పాలు పితికితే అయిదు బకెట్లు నిండుతాయి. ఆ పాలేం చేద్దామని అడిగితే నెపోలియన్ అనే పంది బకెట్లకు అడ్డంగా నిలబడి, ముందు గడ్డికోత సంగతి చూడమంటుంది. సాయంత్రానికి పాలు ఉండవు. చాలామంది పాఠకులు ఇక్కడ ఆగకుండా కుక్కలు విరుచుకుపడే ఘట్టానికి వెళ్లిపోతారు. నా దృష్టిలో అసలు పతనం ఇక్కడే మొదలైంది, ఎందుకంటే అప్పటికి నెపోలియన్ చేతిలో కుక్కలు లేవు, అడ్డుకునే వీలు అందరికీ ఉంది. తర్వాత స్క్వీలర్ అనే మరో పంది వచ్చి, బుద్ధితో పనిచేసే పందులు పాలు తాగకపోతే జోన్స్ తిరిగి వస్తాడని బెదిరిస్తుంది.

తిరుగుబాటు తర్వాత గోడ మీద రాసుకున్న నియమాలను పందులు ఒక్కొక్కటిగా గుట్టుగా మారుస్తాయి. ఇప్పుడు నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. మంచం మీద పడుకోరాదన్న నియమం ఎడమవైపు రాస్తే, ‘దుప్పట్లు పరిచిన’ అన్న మాట చేరిన నియమం కుడివైపు రావాలి. చంపరాదన్న నియమానికి ఎదురుగా ‘కారణం లేకుండా’ అన్నది రావాలి. ప్రతి మార్పు కింద దాన్ని ఎవరు గమనించారో, గమనించి ఏం చేశారో తప్పక రాయండి. క్లోవర్ అనే గుర్రానికి అనుమానం వస్తుంది కానీ చదువు రాదు. చదువు బాగా వచ్చిన గాడిద బెంజమిన్ తనకెందుకని తప్పుకుంటుంది. చివరికి మేక చదివి వినిపిస్తే, క్లోవర్ తన జ్ఞాపకమే తప్పనుకుంటుంది. కథలోని హత్యలకన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టే చోటు ఇదే.

అభ్యాసం: కరువు ఏడాది, ఊరి పశువులన్నీ ఒకే తొట్టి నీళ్లు వంతులవారీగా తాగాలని ఒప్పుకుని, వంతులు చూడటానికి ఒక ఎద్దును ఎన్నుకున్నాయనుకోండి. ఆ ఎద్దు మొదటిసారి వంతు తప్పిన రోజును అరపేజీలో రాయండి. ఎద్దు మంచిదై ఉండాలి, అది చెప్పే కారణం మిగతా పశువులు నమ్మేట్టుగా ఉండాలి. అనుమానం వచ్చినా నోరు మెదపని పశువును ఒకదాన్ని తప్పక చూపండి. వచ్చే పాఠంలో దాని వైపు నుంచే ఇదే కథను తిరిగి రాస్తాం.