భార్యాభర్తల వీసా కాగితాలు – 4: మీ ఊరు ఏదని అడిగితే

గత పాఠంలో ఐ-864 ఫారంలోని ఆదాయం లెక్క చూశాం. భార్యనో భర్తనో అమెరికాకు పిలిపించుకునే మనిషి, అంటే స్పాన్సర్, వారికి ఆర్థికంగా నేను పూచీ అని సంతకం పెట్టే హామీ పత్రం అది. స్పాన్సర్ కుటుంబంలో ఎందరున్నారో లెక్కపెట్టి, అంతమందికి అమెరికా ప్రభుత్వం ప్రకటించిన దారిద్ర్యరేఖ మొత్తంలో కనీసం 125 శాతం ఆదాయం ఉందో లేదో తేల్చాం. ఈసారి ఒక్క గడి మాత్రమే. అదే ఫారం నాలుగో భాగంలో, చిరునామాల తర్వాత, చాలామంది అర నిమిషంలో నింపేసి ముందుకు వెళ్లిపోయే గడి: స్పాన్సర్ డొమిసైల్ ఏ దేశం?

ఆ గడిని నేనే ఒకసారి తప్పుగా నింపాను. నల్లగొండ రామగిరిలో ఉంటున్న ఒక అమెరికా పౌరుడి ఫారం అది. డాలస్‌లో పద్నాలుగేళ్లు పనిచేశాడు. తండ్రికి పక్షవాతం రావడంతో 2022 మార్చిలో వచ్చి ఉండిపోయాడు. ఆ ఏడాదే దేవరకొండ అమ్మాయితో పెళ్లయింది. మనిషి రామగిరిలోనే కళ్లముందు తిరుగుతున్నాడు కదా అని గడిలో ఇండియా అని రాశాను, నిజం రాశానన్న ధీమాతో. ముంబయిలో ఇంటర్వ్యూకు వెళ్లిన ఆ అమ్మాయి చేతిలో చీటీ పెట్టి పంపారు: భర్త నివాసం అమెరికాయే అనడానికి రుజువులు తెమ్మని. అవన్నీ సమకూర్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అమ్మాయి తండ్రి గడియారం స్తంభం దగ్గర ఎదురుపడినా నన్ను టీకి పిలవలేదు.

డొమిసైల్ అన్న మాటే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. నివాసం అనగానే మనవాళ్లు మీసేవకు వెళ్లి, తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం తెచ్చుకుంటారు. దాన్ని ఈ ఫైల్లో పెట్టడమంటే మన కేసును మనమే చెడగొట్టుకోవడం. ఇంకొందరు మన ఉద్యోగాల్లో చూసే స్థానికత లాంటిదనుకుంటారు. స్థానికత వెనక్కి చూస్తుంది, ఏ తరగతులు ఎక్కడ చదివారని అడుగుతుంది. డొమిసైల్ ముందుకు కూడా చూస్తుంది. మీ ప్రధాన నివాసం ఎక్కడ, ఇకముందూ దాన్నే నిలుపుకోవాలనుకుంటున్నారా అన్నదే ప్రశ్న.

దీన్ని అర్థం చేసుకోవడానికి పాలమూరు వలస కూలీ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నారాయణపేట నుంచో మక్తల్ నుంచో ముంబయి వెళ్లి, ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు కట్టడాల దగ్గర గుడిసెలో పడుకునే మనిషిని మీ ఊరేదని అడగండి. ముంబయి అనడు. రేషన్ కార్డు, ఓటు, తాళం వేసిన ఇల్లు, పీర్ల పండుగకు తిరుగు ప్రయాణం, అన్నీ ఊళ్లోనే ఉంటాయి. పడుకునే చోటు వేరు, ఊరు వేరు. మీ భర్త రామగిరిలో పడుకోవచ్చు. కాన్సులేట్ అధికారి అడిగేది ఆయన ఊరి సంగతి.

అందుకే విదేశంలో ఉన్న స్పాన్సర్‌కు కూడా ఆ గడిలో అమెరికా అని రాసే వీలుంది, రుజువు చేయగలిగితే. అమెరికా ప్రభుత్వ ఉద్యోగం మీదో, అక్కడి సంస్థల తరఫునో వచ్చినవారికి చట్టంలో ప్రత్యేకమైన వెసులుబాట్లున్నాయి. మన దగ్గర అలాంటివారు తక్కువ కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మనకు పనికొచ్చేవి రెండు దారులు. అమెరికా వదిలినది కొంతకాలానికే, అక్కడి బంధం తెంచుకోలేదు అని చూపడం ఒకటి. బంధం తెగిందని ఒప్పుకుని, భార్య అమెరికాలో అడుగుపెట్టే నాటికి అక్కడ మళ్లీ కాపురం పెడుతున్నానని చూపడం రెండోది. రెండో దారిలో ఆయన ముందుగానైనా వెళ్లాలి, ఆమెతో కలిసైనా వెళ్లాలి. ముందు ఆమెను పంపి, తాను మెల్లగా వస్తానంటే కుదరదు.

మళ్లీ రామగిరి ఫైలు దగ్గరకు వద్దాం. రెండోసారి ఆయన్ని కూర్చోబెట్టి, డాలస్‌లో ఇప్పటికీ మీ పేరు మీద ఏమేమున్నాయని అడిగాను. ఏమీ లేవన్నాడు. అందరూ అలాగే అంటారు. ఫోను తీసి బ్యాంకు ఖాతా తెరవమన్నాను. మూయని ఖాతా, నెలనెలా కడుతున్న క్రెడిట్ కార్డు, ఏటా వేసిన పన్ను రిటర్నులు, గడువు తీరని టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వాటి మధ్య నెలకొకసారి ఒకే మొత్తం కనిపించింది. ఇదేమిటని అడిగితే, "సామాన్లు గోదాములో పెట్టి వచ్చానండి, దాని కిరాయి" అన్నాడు. సోఫా, మంచం, వంటపాత్రలు. వచ్చిన నెల నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు.

నా దృష్టిలో ఆ ఫైలుకు ప్రాణం ఆ రసీదులే. తిరిగి వెళ్లే ఉద్దేశం లేనివాడు మూడేళ్లపాటు వంటపాత్రలకు కిరాయి కట్టడు. పైగా ఆ రసీదులు ఇంటర్వ్యూ కోసం పుట్టించినవి కావు. కాగితం ఎంత బలమైనదో దాని మీది తేదీ చెబుతుంది. చీటీ అందిన మర్నాడు తెరిచిన బ్యాంకు ఖాతా పనికిరాదని కాదు గానీ, అదొక్కటే పట్టుకుని వెళ్లకండి.

వెనుకటి రుజువులకు తోడు ముందుచూపు రుజువులు కూడా జతచేశాం. ఉద్యోగాల కోసం పంపిన దరఖాస్తులు, వాటికి వచ్చిన జవాబులు, ఇక్కడి నుంచి అక్కడి ఖాతాకు పంపిన డబ్బు, మొదట్లో తమ ఇంట్లో ఉండవచ్చని పినతండ్రి కొడుకు రాసిన ఉత్తరం. ఉత్తరం వెంట ఆ ఇంటి కాగితాల నకలు, కరెంటు బిల్లు కూడా పెట్టాం. అవి లేని ఉత్తరం వట్టి మాటే. పిల్లలున్నవారైతే అక్కడి బడిలో చేర్చే ప్రయత్నాలు కూడా చూపవచ్చు. దొంగ అద్దె ఒప్పందం రాయిస్తామనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. దగ్గరకు రానివ్వకండి. మోసంతో వీసాకు ప్రయత్నించినట్లు తేలితే దరఖాస్తుదారుకు శాశ్వత నిషేధం పడే ప్రమాదం ఉంది.

అన్నింటికీ పైన ఒక వివరణ పత్రం పెట్టాలి. ఇంగ్లిషులో, ఒక పేజీ చాలు. మా పత్రం సారాంశం ఇది: "నా తండ్రి అనారోగ్యం వల్ల 2022 మార్చిలో నల్లగొండ వచ్చాను. ఆయన సంరక్షణ ఇప్పుడు నా సోదరి చూసుకుంటున్నారు. డాలస్‌లో నా బ్యాంకు ఖాతా, సామాన్లు అలాగే ఉన్నాయి. నా భార్యతో కలిసి తిరిగి వెళ్లి, మొదట ఈ చిరునామాలో ఉంటాం. రుజువులు జతచేశాను." రెండో వాక్యం చూడండి. ఎందుకు వచ్చారో అందరూ రాస్తారు. ఆ కారణం ఇప్పుడు ఎలా తీరిందో రాసేవారు తక్కువ. మాతృభూమి మీద ప్రేమ, పెద్దల ఆశీస్సుల గురించి ఒక్క ముక్క వద్దు.

చాలామంది పడే పొరపాటు ఇంకొకటుంది. "న్యూజెర్సీలో మా మేనమామ ఉన్నాడు, జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతాడు" అంటారు. అసలు స్పాన్సర్‌కు తోడుగా ఆర్థిక పూచీ తీసుకునే రెండో మనిషే జాయింట్ స్పాన్సర్. ఆదాయం చాలకపోతే మేనమామ ఆదుకుంటాడు. నివాసం లోటును మాత్రం ఆయన తీర్చలేడు. ఐ-130, అంటే పిలిపించుకోవడానికి మొదట వేసే దరఖాస్తు, వేసిన భర్తకో భార్యకో డొమిసైల్ లేకపోతే, ఎంతమంది జాయింట్ స్పాన్సర్లు వచ్చినా లాభం లేదు.

స్పాన్సర్ పౌరుడు కాక గ్రీన్ కార్డుదారు అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏడాదికి మించి బయట ఉంటే కార్డుకే చిక్కు, అందుకే వెళ్లేముందే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి అనుమతి పత్రం, తీసుకోవాలి. పన్ను రిటర్ను అక్కడి నివాసిని కానని చెప్పే ఫారంలో వేస్తే, నివాసం వదులుకున్నానని స్వయంగా రాసిచ్చినట్లే. ఓటు కూడా రుజువేనని పౌరులకు చెబుతుంటాం. గ్రీన్ కార్డుదారులు ఆ మాట చెవిన వేసుకోకూడదు. పౌరుడు కాని మనిషి అక్కడ ఓటేస్తే దేశం నుంచి పంపించేసే పరిస్థితి వస్తుంది.

ఈ వారం అభ్యాసం. అమెరికా బ్యాంకు ఖాతా పన్నెండు నెలల లావాదేవీలు ముందు పెట్టుకుని, ప్రతి నెలా తిరిగి వచ్చే ఖర్చుల కింద పెన్సిలుతో గీత గీయండి. ఒక్కో గీత ఒక్కో బంధం. దేనికి రసీదు దొరుకుతుందో పక్కన రాసుకోండి. పేరు, అమెరికా చిరునామా, తేదీ, ఈ మూడూ కనిపించే రసీదులను ముందు వరుసలో ఉంచండి. వచ్చే పాఠంలో వివాహ ధ్రువపత్రం, దాని అనువాదం చూద్దాం. పెళ్లి శుభలేఖ ఉంటే అదీ తీసి పెట్టుకోండి, పేర్ల స్పెల్లింగు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.